మాటల తోకలు

మాట నేర్చుకోవడమంటే తల దగ్గర మొదలుపెట్టడమేనని మనకు పలకా బలపం రోజుల్లోనే అలవాటు చేశారు. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. పెద్దయ్యాక నిఘంటువు తెరిచినా అదే వరస. మొదటి అక్షరం తెలిస్తే మాట దొరుకుతుంది, తెలియకపోతే లేదు. మాట చివర ఏముందో చూడమని చెప్పినవాళ్లు తక్కువ. ప్రత్యయాలు అనే పాఠం ఒకటి ఉండేది కానీ, అది పరీక్ష ముందు రాత్రి బట్టీపట్టి, పరీక్ష అయిన సాయంత్రానికి మరిచిపోయే పాఠం. ఆ ప్రత్యయాన్నే ఇక్కడ తోక అంటున్నాను. చిన్నచూపుతో కాదు. సంతలో ఎద్దును బేరం చేసేవాడు పళ్లు చూస్తాడు, సుళ్లు చూస్తాడు, తోకా చూస్తాడు. మాటల బేరంలో మాత్రం మనం పళ్లు చూసి ఇంటికి తోలుకొస్తున్నాం.

తోక చూస్తే ఏమొస్తుందో మా మూడు ఊళ్ల మాటలతోనే చెబుతాను. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనక సందుల్లో పని చేసేవాళ్ల నోట పోత, పూత అనే మాటలు వినిపిస్తాయి. కరిగించి అచ్చులో పోస్తే పోత, పైపైన పూస్తే పూత. జమ్మలమడుగు వైపు మగ్గం ఆడే ఇంట్లో నేత. పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటల్లో మళ్లీ పూతే, కానీ ఇది చెట్టు పూత. పూత నిలబడితే కాత, కాయ ముదిరితే కోత. ఊరికో బతుకుతెరువు ఉంది, అన్నిటికీ తోక ఒక్కటే. పోయు, పూయు, నేయు, కాయు, కోయు అనే క్రియల చివర ‘యు’ తీసి ‘త’ పెడితే పేరు పుట్టింది. ఈ కిటుకు తెలిసినవాడికి మేయు నుంచి మేత, మోయు నుంచి మోత, కూయు నుంచి కూత, గీయు నుంచి గీత వాటంతటవే వస్తాయి. రాయు నుంచి రాత వస్తుంది. కలంతో రాసినా, బ్రహ్మ నుదుట రాసినా వ్యాకరణం మారదు.

ఇంకో గుంపు చూడండి. చూచు నుంచి చూపు, పిలుచు నుంచి పిలుపు, గెలుచు నుంచి గెలుపు, అరుచు నుంచి అరుపు, ఏడుచు నుంచి ఏడుపు. మార్చు, తీర్చు, నేర్చు, ఓర్చు అంటే మార్పు, తీర్పు, నేర్పు, ఓర్పు. చివర ‘చు’ కనబడితే ‘పు’ వేసి చూడొచ్చు. అన్నిచోట్లా కుదరదు. నడుచు ఇటు రాకుండా నడక అయింది. అది కోరిక, పోలిక, అల్లిక, చేరిక, ఎన్నిక ఉండే వీధిలోకి వెళ్లి కూర్చుంది. అయినా నష్టం లేదు. దారి తప్పిన మాట కూడా ఇంకో తోక దగ్గరే దొరుకుతోంది.

రైతు మాటల్లో నాకు బాగా నచ్చే తోక ‘బడి’. పెట్టుబడి, సాగుబడి, దిగుబడి, రాబడి. ఈ నాలుగూ వరసగా చదివితే ఒక పంట ఏడాది అంతా అందులోనే ఉంది. మొదటిది తప్పకుండా జరుగుతుంది, చివరిది జరిగితే జరుగుతుంది. ఇదే తోక తగిలించుకొని ఊళ్లో తిరిగే మాట మరొకటి ఉంది, పలుకుబడి. పలుకు నుంచి రాబడి వచ్చేవాళ్ల దగ్గర ఉండేది అదే. ఆఫీసుల్లో పని కావాలంటే ఏ బడి ఎక్కువ అక్కరకొస్తుందో రాయలసీమ వాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇంత దగ్గర చుట్టాలను మనం ఎందుకు విడివిడిగా చూస్తున్నాం? నిఘంటువు వరస వల్ల. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చాడు, తెలుగుతో తలపడ్డాడు, తర్వాత తెలుగుకే అంకితమయ్యాడు. 1852లో అచ్చయిన ఆయన తెలుగు – ఇంగ్లీషు నిఘంటువును ఇవాళ్టికీ తెరవని తెలుగు పండితుడు లేడు. ఆయన కడపలో నివసించిన చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. అంతటి నిఘంటువులో కూడా కోత ‘క’ దగ్గర, నేత ‘న’ దగ్గర, పూత ‘ప’ దగ్గర ఉంటాయి. ఒకదాన్నొకటి ఎరగనట్టు ఉంటాయి. అకారాది క్రమం అలాంటిది. వెతుక్కునేవాడికి అది వరం, నేర్చుకునేవాడికి అంత కాదు. ఆ చుట్టరికాలు కలిపిన పుస్తకం వేరే ఉంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం పది పరిచ్ఛేదాల్లో తద్ధితం ఒకటి, కృదంతం ఒకటి. పేరు మీద చేరే తోకలు మొదటిదాంట్లో, క్రియ మీద చేరే తోకలు రెండోదాంట్లో. మాటలేమో ఒక పుస్తకంలో, మాటలు పుట్టే పద్ధతి ఇంకో పుస్తకంలో పెట్టి, పిల్లలను మధ్యలో కూర్చోబెట్టాం.

ఈ ఆలోచనకు నన్ను పురికొల్పింది బ్రౌన్ కాదు, చిన్నయసూరి కాదు, వెల్ష్ భాష. మా చెల్లెలి మనవరాలు వేల్స్ దేశంలో, కార్డిఫ్‌లో చదువుతోంది. అక్కడి బళ్లల్లో పదహారేళ్ల వయసు దాకా వెల్ష్ నేర్పుతారు. 2021 జనాభా లెక్కల్లో ఆ భాష వచ్చినవాళ్లు వేల్స్ అంతా కలిపి సుమారు 5,38,000 మంది. 2011 లెక్కల్లో ఒక్క ఉమ్మడి కడప జిల్లా జనాభా 28 లక్షల పైచిలుకు. మన జిల్లా జనంలో ఐదో వంతు కూడా లేనివాళ్లు, 2050 నాటికి పది లక్షల మందికి తమ భాష రావాలని ప్రభుత్వం చేత లక్ష్యం పెట్టించుకున్నారు. ఆ లక్ష్యం అందాలంటే పుట్టుకతో రానివాళ్లు కూడా నేర్చుకోవాలి. పుట్టుకతో రానివాళ్లకు మాటలు ఒక్కొక్కటిగా బుర్రకెక్కించే ఓపిక ఉండదు. అందుకే తోకలు నేర్చుకోమంటారు.

‘సుయిద్’ అంటే ఉద్యోగం. దాని చివర చోటును తెలిపే ‘వా’ చేరిస్తే ‘సుయిద్‌వా’, ఆఫీసు. ‘ఈన్’ అంటే ఒకటి. గుణాన్ని తెలిపే ‘దెబ్’ చేరితే ‘ఇన్‌దెబ్’, ఐకమత్యం, సంఘం. ఇంకా తమాషా, అక్కడ పక్షుల గుంపును చెప్పేది అసలు మాట, ఒక్క పక్షిని చెప్పాలంటేనే తోక తగిలించాలి. ‘అదార్’ అంటే పక్షులు, ‘అదెరిన్’ అంటే ఒక పక్షి. ‘కోయ్‌డ్’ అంటే చెట్లు, ‘కోయ్‌డెన్’ అంటే ఒక చెట్టు. ఆ పిల్ల ఫోనులో ఇది చెబితే నాకు మన కల్లాలు గుర్తొచ్చాయి. వడ్లు, జొన్నలు, కొర్రలు, కందులు, శనగలు. ఏకవచనంలో ఎవరైనా వాడగా విన్నారా? ఒక్కటే కావాలంటే గింజ అనే మాటను తోడు పిలవాలి. రాశిగా ఉన్నదే అసలైన ఉనికి, విడిగా ఉన్నది అందులోంచి తీసిన ముక్క అనుకోవడంలో వేల్స్ వాళ్లకూ మనకూ పొత్తు కుదిరింది.

పొత్తు అక్కడితో ఆగలేదు. వెల్ష్‌లో పిల్లిని ‘కాథ్’ అంటారు. అది స్త్రీలింగం. దాని ముందు ‘ఆ ఫలానా’ అనే అర్థంలో చిన్న మాట చేరిస్తే ‘అ గాథ్’ అవుతుంది. క పోయి గ వచ్చింది. అలాగే త స్థానంలో ద వస్తుంది. బయటివాళ్లు వెల్ష్ నేర్చుకుంటూ జుట్టు పీక్కునేది ఇక్కడేనట. మనకు పీక్కోవాల్సిన అవసరం లేదు. అన్న, తమ్ములు కలిస్తే అన్నదమ్ములు, తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు, కూర, కాయ కలిస్తే కూరగాయ. గసడదవాదేశం అని చెప్పి బళ్లో భయపెట్టింది దీనినే. తోకల విషయంలో దీని పాత్ర పెద్దది. మంచితనం అంటాం, పచ్చదనం అంటాం. దొంగతనం అంటాం, చల్లదనం అంటాం. తోక ఒకటే అయినప్పుడు ఒకచోట త, మరోచోట ద ఎందుకొచ్చింది? పచ్చని, చల్లని, తెల్లని, కమ్మని, వెచ్చని అని ‘ని’తో పలికే మాటలకు ‘దనం’ వస్తుంది. మంచి, దొంగ, చిన్న, మొండి అనేవి ‘ని’ని దగ్గరికి రానివ్వవు, వాటికి ‘తనం’ నిలుస్తుంది. కొత్తదనం లాంటివి ఒకటి రెండు గీత దాటుతాయి. మన నోరు ఎవరూ నేర్పకుండానే ఈ లెక్క రోజూ తప్పు లేకుండా చేస్తోంది.

తోక అంటే అర్థం లేని అతుకు అనుకుంటే పొరపాటు. ఒక్కోదానికి ఒక్కో స్వభావం. ఏ క్రియకైనా ‘అడం’ చేర్చవచ్చు. తాగడం, తిరగడం, వాగడం. ఇందులో మంచీ లేదు, చెడ్డా లేదు, పని జరిగిందంతే. అదే చోట ‘ఉడు’ పెట్టి చూడండి. తాగుడు, తిరుగుడు, వాగుడు, గోకుడు, బాదుడు. వెంటనే ఇంట్లో పెద్దవాళ్ల మొహం మారిపోతుంది. పని అదే, అతి అయింది, వ్యసనం అయింది. ‘వానికి తాగుడు ఎక్కువైంది’ అంటే ఇంకేం చెప్పనక్కర లేదు. ఆ తోక తగిలించుకొని కూడా పరువు నిలుపుకున్న మాట నాకు తెలిసి ఒక్కటే, పొద్దుతిరుగుడు. ఎంత తిరిగినా సూర్యుడి వెంట తిరుగుతుంది కాబట్టి దాన్ని వదిలేశారేమో.

మనుషులను పిలిచే తోకల్లో ఈ తీర్పు ఇంకా గట్టిగా ఉంటుంది. ఆటగాడు, పాటగాడు, వేటగాడు, మొనగాడు. అదే ‘గాడు’ బిచ్చగాడిలో ఉంది. మనిషి పేరు చివర పెడితే పలికే గొంతును బట్టి ముద్దూ కావచ్చు, తిట్టూ కావచ్చు. మా వైపు పెద్ద రైతుల ఇళ్లల్లో ఏడాది జీతానికి కుదిరి పొలం పనంతా చేసే మనిషిని సేద్యగాడు అంటారు. మడక పట్టేది అతను, నీళ్లు కట్టేది అతను, పైరుకు కావలి పడుకునేది అతను. సేద్యం అతనిది, రైతు అనే పేరు భూమి ఉన్నాయనది. ఆ తోక కాస్త గౌరవమైనదే అయితే అతనే రైతు అయ్యేవాడు.

బజార్లో నడిచే తోక ‘ఓడు’. పాలోడు, కూరగాయలోడు, గ్యాసోడు, కరెంటోడు. ఇంగ్లీషు మాట అయినా సరే, వెనక ఓడు చేరితే తెలుగు నడకే నడుస్తుంది. మర్యాద కావాలంటే తోక మార్చాలి. ‘కరెంటోడు బిల్లు ఎక్కువ కొట్టిపోయినాడు’ అని పొద్దున తిట్టిన ఇంట్లోనే, సాయంత్రం మీటరు మార్చాల్సి వస్తే ‘కరెంటాయప్ప ఒచ్చినాడు, కుర్చీ ఎయ్యండి’ అంటారు. పని పెద్దదైతే కరెంటు సారు. ఉద్యోగం మారలేదు, మనిషి మారలేదు, మన అవసరం మారింది. ఆడవాళ్లకు ఒకప్పుడు ‘కత్తె’ ఉండేది. ఆటకత్తె, పాటకత్తె, వంటకత్తె. అందగత్తె ఒక్కటే ఇప్పటికీ నిలబడింది. మిగతావి పోయి పూలామె, పాలామె వచ్చారు, ఇంకాస్త గౌరవమిస్తే ఆయమ్మ. పత్రికల వాళ్లు ఆటకత్తె అనడానికి మొహమాటపడి క్రీడాకారిణి దగ్గరకు వెళ్లిపోయారు. ఒక తోక పోవడానికి నిఘంటువులో కొట్టేయాల్సిన పని లేదు. నలుగురు సిగ్గుపడితే చాలు.

తోకలు అరువు కూడా వస్తాయి. పారసీ నుంచి వచ్చిన ‘దారు’ కలిగినవాడు అనే అర్థంతో దొరల కచేరీల్లో అడుగుపెట్టింది. జమీందారు, ఇనాందారు, తహసీల్దారు. కచేరీలు పోయాయి, ఆ తోక పోలేదు. పొలం ఉంటే పట్టాదారు, బ్యాంకులో డబ్బుంటే ఖాతాదారు, డబ్బు లేకపోయినా ఖాతాదారే. రోడ్డు పని పట్టినవాడు గుత్తేదారు. గుత్త మన మాటే. గ్రామ సచివాలయం గోడ మీద అంటించే కాగితం మీద లబ్ధిదారులు అని ఉంటుంది. లబ్ధి సంస్కృతం, దారు పారసీ, చివరి ‘లు’ అచ్చ తెలుగు. మూడు భాషలు ఒక పింఛను కోసం వరసలో నిలబడ్డాయి. వీలునామా ఇంకా విచిత్రం. ఇంగ్లీషు ‘విల్’ ముందు, పారసీ ‘నామా’ వెనక. ఆస్తి పంచాల్సి వస్తే మనకు అన్ని భాషలూ కావాలి.

మనుషులకేనా, ఊళ్లకూ తోకలున్నాయి. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల దాకా బస్సులో కూర్చొని కిటికీలోంచి బోర్డులు చదివితే చాలు. ఊరు తోకతో ప్రొద్దుటూరు, ముద్దనూరు, చుట్టుపక్కల దువ్వూరు, చెన్నూరు, తొండూరు. వేంపల్లెకు పల్లె. చక్రాయపేటకు పేట. కమలాపురం, కొండాపురం, సింహాద్రిపురం అనే వాటికి పురం, అక్కడ సంస్కృతం చెయ్యి పడింది. ఎర్రగుడిపాడులో పాడు అంటే చెడిపోవడం కాదు, అదీ ఊరికి పాత మాటే. గండికోటకు కోట సరేసరి. వాన తక్కువ సీమ కాబట్టి నీటిని తోకగా పెట్టుకున్న ఊళ్లు ఉంటాయి. ఎర్రగుంట్లలో గుంటలు, జమ్మలమడుగులో మడుగు. జమ్ము పెరిగిన మడుగు అని ఆ పేరుకు అర్థం చెబుతారు. పక్కనే పెన్న ఉంది కాబట్టి నమ్మబుద్ధేస్తుంది. పులివెందులను పులిమందల అంటారు, పులులు మందలుగా తిరిగేవట. పులులు మందలుగా తిరుగుతాయా అని అడిగే ధైర్యం ఆ ఊళ్లో నేనెప్పుడూ చేయలేదు.

ఇదంతా కాలక్షేపం కబురు కాదు. కథకుడిగా అందరికీ తెలిసిన కేతు విశ్వనాథరెడ్డి కమలాపురం దగ్గరి రంగశాయిపురంలో పుట్టారు. ఆయన పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నది కడప జిల్లా ఊళ్ల పేర్ల మీదే. రాయలసీమ పల్లెను అంత నిక్కచ్చిగా కథలో పెట్టగలిగిన మనిషి, ముందు ఆ పల్లెల పేర్లను ముక్కలు ముక్కలుగా విప్పి చూశారన్నది నాకు యాదృచ్ఛికం అనిపించదు. ఊరి పేరు తల భాగంలో ఒక చెట్టో, ఒక దేవుడో, ఒక మనిషో ఉంటాడు. తోకలో ఆ నేల ఉంటుంది.

ఈ తోకలు ఎంత పాతవో చెప్పే రాయి కూడా మా ప్రాంతంలోదే. ఎర్రగుంట్ల దగ్గరి కలమల్లలో దొరికిన రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 నాటిదని చరిత్రకారులు చెబుతారు. పూర్తిగా తెలుగులో వేసిన శాసనాల్లో మనకు తెలిసినంతలో అదే మొదటిది. అందులో ‘చిఱుంబూరి’ అని ఒక మాట ఉంది. చిఱుంబూరు అనే ఊరికి చెందిన అని అర్థం. ఊరు అనేది ఇంకో మాటకు ఆనుకునేటప్పుడు ఊరి అవుతుంది. దాదాపు 1,450 ఏళ్ల తర్వాత మనం ప్రొద్దుటూరి అంగళ్లు అంటున్నప్పుడు చేస్తున్నది సరిగ్గా అదే పని. దువ్వూరి అని ఇంటిపేరు పెట్టుకున్నవాళ్లు తరతరాలుగా మోస్తున్నదీ అదే తోక. అదే శాసనంలో రాజు పేరును పండితులు ధనంజయుఱు అని చదివారు. ధనంజయుడు కాదు. ఆ ‘ఱు’ తర్వాతి తెలుగులో ఎక్కడా నిలబడలేదు. రాజుగారి తోక రాలిపోయింది, ఊరి తోక నిలిచింది.

నిలిచిన తోకల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ‘రికం’. చూడ్డానికి తనం లాగే ఉంటుంది, కానీ రెండూ ఒకటి కావు. తనం మనిషి లోపలి సంగతి చెబుతుంది. మంచితనం, పిరికితనం, సోమరితనం, అమ్మతనం. మనిషి ఒంటరిగా గదిలో కూర్చున్నా అవి అతని వెంటే ఉంటాయి. రికం అలా కాదు. చుట్టరికం, మేనరికం, ఇల్లరికం, అత్తరికం, కోడరికం. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరి మనిషికి లేదు. కోడలు లేకుండా అత్తరికం చెల్లదు, మామ ఇల్లు లేకుండా ఇల్లరికం కుదరదు. ఇద్దరి మధ్యో, నలుగురి మధ్యో కుదిరిన ఏర్పాటుకు ఆ తోక. అమ్మ దగ్గర తనం, అత్త దగ్గర రికం అన్నారంటే మన పూర్వీకులు కాపురాలు బాగానే గమనించారు.

ఒకే మాటకు రెండూ చేర్చి చూస్తే తేడా ఇంకా తేటపడుతుంది. పెద్దతనం వయసుతో వస్తుంది, ఎవరి అనుమతీ అక్కర లేదు. పెద్దరికం ఊరు ఇవ్వాలి. రచ్చబండ దగ్గర నలుగురూ లేచి చోటిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇదే కుదురులోంచి వచ్చిన మూడో మాట పెత్తనం. పెద్ద, తనం కలిసి నలిగి అలా అయింది. ఎవరూ ఇవ్వకపోయినా తీసుకునేది పెత్తనం. ఒక్క ‘పెద్ద’ నుంచి మూడు మాటలు పుట్టాయి. వయసు, గౌరవం, దౌర్జన్యం. మా సీమ పల్లెల చరిత్రలో సగం ఈ మూడింటినీ కలగలిపి చూడడం వల్ల నడిచిందే.

ఇప్పుడు పేదరికం సంగతి చూడండి. నిఘంటువుల్లో పేదతనం కూడా ఉంది. కానీ జనం నోట నిలిచింది పేదరికమే. అంటే ఆ మాటను అత్తరికం, చుట్టరికం వరసలో కూర్చోబెట్టారు గానీ, సోమరితనం, పిరికితనం వరసలో కాదు. పేదవాడిగా ఉండడం మనిషి గుణం కాదు, ఇంకొకరితో ముడిపడిన ఏర్పాటు అని ఆ తోక చెబుతోంది. ఒకవైపు సేద్యగాడు ఉన్నాడంటే ఇంకోవైపు భూమి ఉన్నాయన ఉన్నట్టే. బద్ధకం వల్లే పేదలయ్యారు అని టీవీలో ఎవరైనా వాదిస్తే ఆర్థిక శాస్త్రం దాకా వెళ్లనక్కర లేదు, మాట తోక చూపిస్తే సరిపోతుంది. దొర విషయంలో మాత్రం భాష మొహమాటపడింది. అది దొరరికం కాలేదు, దొరతనం అయింది. ఏలడం పుట్టుకతో వచ్చే గుణమని చాలాకాలం నమ్మినట్టున్నాం. ప్రతి తోకా న్యాయంగా తీర్పు చెబుతుందని నేను అనను. తీర్పు మాత్రం చెబుతుంది.

కొత్త తోకలు చెప్పే తీర్పుల మీద మరీ జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు నుంచి ‘ఇజం’, ‘ఇస్టు’ వచ్చాయి. మార్క్సిజం, సోషలిజం అనే పెద్ద పెద్ద సిద్ధాంతాల వెంట వచ్చిన తోకలివి. మా ప్రాంతానికి వచ్చేసరికి ఫ్యాక్షనిజం, ఫ్యాక్షనిస్టు అయి కూర్చున్నాయి. అంతకు ముందు జనం కక్షలు అనేవాళ్లు, పగలు అనేవాళ్లు, పార్టీలు అనేవాళ్లు. కక్ష అన్నప్పుడు మొగుణ్ని పోగొట్టుకున్న ఆడమనిషి కనబడుతుంది, కోత కోయడానికి మనుషులు దొరకని బీడు కనబడుతుంది. ఫ్యాక్షనిజం అనగానే దాని వెనక ఏదో ఆలోచన, ఏదో చరిత్ర, వీలుంటే ఒక సినిమా ఉన్నట్టు తోస్తుంది. చంపుకోవడానికి సిద్ధాంతం హోదా ఇచ్చింది ఆ తోకే. రౌడీతనం రౌడీయిజం అయినప్పుడు కూడా జరిగింది ఇదే. తనం అన్నంతకాలం అది వాడి బుద్ధి. ఇజం అన్నాక మనం దాన్ని అధ్యయనం చేయడం మొదలుపెట్టాం.

కార్డిఫ్ పిల్ల ఒకసారి చుట్టరికం అంటే ఏమిటని అడిగింది. నాకు చేతనైనట్టు చెప్పాను. కాసేపు ఆలోచించి, ‘అయితే జేజినాయనా, నాకూ ఎమిలీకీ ఉండేది ఫ్రెండరికమా?’ అంది. పక్కన ఉన్న వాళ్లమ్మ అట్లా అనరని దిద్దింది. నేను దిద్దలేదు. ఆ పిల్ల తెలుగు నిఘంటువు తెరిచి ఎరగదు, బాలవ్యాకరణం పేరు కూడా విని ఉండదు. కానీ ఇద్దరి మధ్య ఉండేదానికి ఏ తోక పెట్టాలో దానికి తెలిసింది. తనం పెట్టలేదు చూడండి. స్నేహం తన ఒక్కదాని గుణం కాదని దాని లెక్క. అక్కడ బళ్లో వెల్ష్ తోకలతో కుస్తీ పట్టిన బుర్ర, ఇక్కడి తోకను రెండో క్షణంలో పట్టేసింది.

మన బళ్లల్లో తెలుగు తగ్గిపోతోందని బాధపడే సభలు చాలా జరుగుతున్నాయి. అక్కడ ఎక్కువగా వినబడేది పిల్లలకు మాటలు రావడం లేదనే ఫిర్యాదు. మాటలు రాకపోవడం పెద్ద నష్టమేం కాదు, మాటలు అరువు తెచ్చుకోవచ్చు. మన భాష వెయ్యేళ్లుగా చేస్తున్నది అదే. కరెంటు ఎవరిదో, గ్యాసు ఎవరిదో, లబ్ధి ఎవరిదో, మనం పట్టించుకోలేదు. మన తోక తగిలిస్తే మనదైపోయింది. నష్టం ఎప్పుడంటే, తోక తగిలించే చొరవ పోయినప్పుడు. బయటి మాటను ఉన్నదున్నట్టు మింగి, దాని చివర ఇజమో మరొకటో కూడా వాళ్లదే ఉంచుకున్నప్పుడు. సర్కారు కమిటీ కూర్చొని చేసే కొత్త మాటలు పత్రికల్లోనే ఉండిపోతాయి. అంగట్లో పుట్టిన కరెంటోడు ఇంటింటికీ తిరుగుతాడు. తేడా సంస్కృతానిదీ తెలుగుదీ కాదు, నోటికి తెలిసిన తోక ఉందా లేదా అన్నది.

కాబట్టి తెలుగు పంతుళ్లకు నాదొక మనవి. వారానికి పది పదాలు, వాటి అర్థాలు రాయించే హోంవర్కు కాస్త పక్కన పెట్టి, వారానికి ఒక తోక ఇవ్వండి. ఈ వారం బడి, వచ్చే వారం రికం. ఇంట్లో, పొలంలో, బంగారు అంగట్లో, బస్సులో ఎన్ని దొరుకుతాయో ఏరుకు రమ్మనండి. రెండింటి మధ్య తేడా ఏమిటో వాళ్లనే చెప్పమనండి. తరగతిలో ముప్పై మంది పిల్లలుంటే ఏ పుస్తకంలోనూ లేనంత పెద్ద జాబితా వస్తుంది. అందులో మీరెప్పుడూ వినని మాట ఒకటో రెండో ఉంటాయి. అవి ఊళ్లో ఎవరో వాడుతున్నవి కావచ్చు, పిల్ల అప్పటికప్పుడు కల్పించినవి కావచ్చు. కల్పించినదైతే ఎర్ర సిరా తియ్యకండి. దాని అర్థం ఏమిటని అడగండి. అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పిందంటే, ఆ పిల్లకు తెలుగు వచ్చేసినట్టే.